థియరీ చదవాలనుకుంటే అశోక్‌నగర్‌లో గది తీసుకోండి

పీహెచ్‌డీలో చేరాను, కంప్యూటర్ సైన్స్‌లో థియరీ వైపు వెళ్దామనుకుంటున్నాను, ఏం చేయమంటారు అని అడిగినవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఒకటే. క్యాంపస్ హాస్టల్ ఖాళీ చేసి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది చూసుకోండి. ఈ సలహాను మెచ్చుకున్న పెద్దమనిషి ఇప్పటిదాకా నాకు తారసపడలేదు. మా గైడు గారు విని, "లైబ్రరీ క్యాంపస్‌లో, సెమినార్లు క్యాంపస్‌లో, నేను క్యాంపస్‌లో, నువ్వు మాత్రం గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళ మధ్యనా?" అన్నారు. రోజుకు మూడు గంటలు దారిలోనే పోతాయని స్నేహితులు లెక్క చెప్పారు. అవన్నీ నిజమే. అయినా నా సలహా మార్చుకోను. కింద చెప్పబోయేవి కూడా ఇలాంటివే, వినగానే తప్పనిపిస్తాయి. నాలుగేళ్ళు పాటించి చూసి చెబుతున్నాను.

థియరీలో చాలా రోజులు ఏమీ జరగదు. ఈ సంగతి చేరేముందు ఎవరూ చెప్పరు. పక్క ల్యాబ్‌లో మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్ళు రాత్రి కోడ్ నడపడానికి పెట్టి పడుకుంటే పొద్దునకు ఒక అంకె వస్తుంది. నిన్న 91 ఉంటే ఇవాళ 92. మనకు పొద్దున తెల్లకాగితం, సాయంత్రానికి కొట్టివేతలతో నిండిన కాగితం. ఆరు నెలలు అలా గడిస్తే, ఏదో ఒక అంకె వచ్చే పనికి మారిపోదామనిపిస్తుంది. నేను చూసినంతలో థియరీ వదిలేసినవాళ్ళెవరూ తెలివి చాలక వదల్లేదు, ఏమీ జరగని రోజుల్ని ఓర్చుకోలేక వదిలారు. ఆ రోజుల్ని ఎలా గడపాలో తెలిసిన పేట ఈ ఊళ్ళో ఒకటుంది.

పొద్దున్నే అశోక్‌నగర్ పక్కనే ఉన్న చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరకు వెళ్ళి చూడండి. భుజాన బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, కూర్చోవడానికి చిన్న దిండు. లోపల చోటు దొరకనివాళ్ళు చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుంటారు. పేజీ తిప్పడం, గీతలు గీయడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. వీళ్ళలో చాలామంది గ్రూప్-1 కథ మీకు తెలిసే ఉంటుంది. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు పడింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకయిందని 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాశారు. సెప్టెంబర్‌లో కోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఒకే గుమ్మం ముందు మూడుసార్లు నిలబడ్డారు. రద్దయిన మర్నాడు కూడా ఆ కుర్చీలు నిండాయి, నేను చూశాను. ఒక నిరూపణ కూలిపోయిన మర్నాడు కాగితం ముందు కూర్చోవడం నాకు ఏ సెమినార్‌లోనూ ఎవరూ నేర్పలేదు. ఆ చెట్ల కింద నేర్చుకున్నాను.

నా గదిలో ఉండేది గ్రూప్స్‌కు చదివే పాలమూరు తమ్ముడు. చేరిన మొదటి వారం నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"అన్నా, మీకు నోటిఫికేషన్ ఎప్పుడొస్తది?"

"రాదు తమ్ముడూ."

"సిలబస్?"

"అదీ లేదు."

"మరి ఎంత చదివితే అయిపోతదని ఎట్ల తెలుస్తది?"

"తెల్వదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన టేబుల్ లైటు నా వైపు కొంచెం జరిపి, "గట్లయితే మాకంటే కష్టమే అన్నా" అన్నాడు. నా పని ఏమిటో ఇంట్లోవాళ్ళకంటే ముందు అర్థం చేసుకున్నది అతనే.

రెండో సలహా: ల్యాప్‌టాప్ గదిలోనే పెట్టి తాళం వేయండి. కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి ఇదేం మాట అంటారు. కానీ ఈ శాస్త్రం కంప్యూటర్లు లేని రోజుల్లో పుట్టింది. 1936లో అలన్ ట్యూరింగ్ తన వ్యాసం రాసినప్పుడు కంప్యూటర్ అంటే యంత్రం కాదు, కాగితం మీద లెక్కలు కట్టే మనిషి. ఆ మనిషి గళ్ళ కాగితం మీద ఒక్కో గడిని చూస్తూ, రాస్తూ, చెరుపుతూ ఏమేం చేయగలడో, ఎంత ఓపికున్నా ఏం చేయలేడో ట్యూరింగ్ తేల్చాడు. ఇప్పటికీ మన పని అదే, కాగితం దగ్గరి పని. తెర మీద ఇరవై ట్యాబులు తెరిస్తే పని జరుగుతున్నట్టు ఉంటుంది. చెట్టు కింద, ప్యాడ్ మీద నాలుగు తెల్లకాగితాలు పెట్టుకుంటే ఏమీ తోచడం లేదన్న సంగతి వెంటనే తెలిసిపోతుంది. అది ముందే తెలియాలి. వ్యాసాలు చదవాల్సి వస్తే అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. ఇండియన్ పాలిటీ నోట్సుకూ కాంప్లెక్సిటీ వ్యాసానికీ అక్కడ ఒకటే రేటు. స్పైరల్ చేసిన వ్యాసాన్ని వెనక నుంచి ముందుకు చదవొచ్చు, బస్సులో చదవొచ్చు, అంచుల్లో రచయితతో పోట్లాడొచ్చు.

అయితే వ్యాసాలు కూడా మొదటే చదవొద్దు. సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో తెలుసుకుని పుస్తకం మూసేయండి. రెండు నెలలు మీ సొంతంగా కొట్టుకోండి. ఆ తర్వాతే ముందువాళ్ళు ఏం చేశారో చూడండి. గైడ్లందరూ దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. నేను ఇలా కూర్చుని ఒక ఫలితం నాలుగు నెలల్లో నిరూపించి, ఊపిరాడక గైడు గారి దగ్గరకు పరిగెత్తాను. అది 1970ల నాటి సంగతి, ఇప్పుడు క్లాసులో అరగంటలో చెప్పేస్తారు. నాలుగు నెలలు వృథా అన్నారు. వృథా కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ ఫలితం మీద వచ్చిన తర్వాతి వ్యాసాలన్నీ నాకు మా వీధిలో జరిగిన సంగతుల్లా అర్థమవుతాయి. ముందువాళ్ళ మాట తెలియకపోవడమే కలిసొచ్చినవాళ్ళూ ఉన్నారు. హాష్ టేబుళ్ళ విషయంలో ఆండ్రూ యావో 1985లో చెప్పిన ఒక ఊహను, రట్గర్స్‌లో డిగ్రీ చదువుతుండగా ఆండ్రూ క్రాపివిన్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన పని తప్పని తేల్చింది. ఇద్దరు తోటి పరిశోధకులతో కలిసి 2025 జనవరిలో ఆ వ్యాసం బయటపెట్టాడు. అలాంటి ఊహ ఒకటుందని అతనికి మొదట తెలియనే తెలియదు. తెలిసుంటే బహుశా ఆ దారిలో అడుగు పెట్టేవాడు కాదు.

నేను నాలుగు నెలలు పోసిన ఆ ఫలితం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే తర్వాతి సలహా దాని మీదే నిలబడి ఉంది. మీ పని గదిలోని తమ్ముడికి అర్థమయ్యేదాకా గైడుకు చెప్పొద్దు.

ఒక రాత్రి కరెంటు లేదు. తమ్ముడితో అన్నాను: పది స్టాపులు అనుకో. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, హిమాయత్‌నగర్, కాచిగూడ, విద్యానగర్, ముషీరాబాద్, బాగ్‌లింగంపల్లి, దోమలగూడ. ఏ రెండింటి మధ్యనైనా నేరుగా బస్సు ఉందా లేదా అని నన్ను అడగొచ్చు, నేను ఉంది లేదా లేదు అంటాను. బస్సులు మారుతూనైనా సరే, ఏ స్టాపు నుంచైనా ఏ స్టాపుకైనా పోవచ్చునా అన్నది నువ్వు తేల్చాలి. ఎన్ని ప్రశ్నలు కావాలి?

పది స్టాపుల్లో జంటలు 45. తమ్ముడు వెంటనే అన్నాడు: "అన్నీ ఎందుకన్నా, తొమ్మిదింటికి ఉంది అంటే చాలు, గొలుసు అయిపోతది." నేను ఉంది అంటే కదా. మొదలుపెట్టమన్నాను. చిక్కడపల్లి–నారాయణగూడ? లేదు. నారాయణగూడ–కాచిగూడ? లేదు. అడుగుతూ పోయాడు, నేను లేదంటూ పోయాను. ఇప్పుడు కూడా లేదంటే ఊరు రెండు ముక్కలైపోవడం ఖాయం అన్న చోట మాత్రమే ఉంది అన్నాను. అరగంటయ్యాక అతను ఆగి, "అన్నా, నువ్వు ముందే బస్సులు అనుకోలేదు. నేనడిగిన కొద్దీ తయారు చేస్తున్నవ్" అన్నాడు. ఆ ముక్క పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అలా జవాబిచ్చేవాడి ముందు 45 ప్రశ్నలూ అడగక తప్పదు. ఒక్కటి తగ్గినా తేలదు. ఎందుకంటే, ఊరు తెగిపోయిందని మీరు ముందే అనలేరు, తెగనివ్వకుండానే నేను చూసుకుంటున్నాను. ఊరంతా కలిసిందని కూడా ముందే అనలేరు. ఒక జంట ఇంకా అడగకుండా మిగిలి ఉండగానే ఉంది అన్న బస్సులతో ఊరంతా కలిసిపోయింది అనుకోండి. ఆ మిగిలిన జంటను కూడా కలిపితే ఎక్కడో ఒక చుట్టు తిరిగే దారి ఏర్పడుతుంది. ఆ చుట్టులో అన్నింటికంటే చివర నేను ఉంది అన్నది ఏదో చూడండి. ఆ క్షణంలో ఆ చుట్టులోని మిగతా భాగం ఉంది అన్నదో, ఇంకా అడగనిదో అయి ఉంటుంది. అంటే అటు తిరిగి పోయే వీలు ఇంకా ఉంది. అప్పుడు నేను నిస్సంకోచంగా లేదు అనగలిగేవాణ్ణి. బలవంతం ఉంటే తప్ప ఉంది అనని నేను అక్కడ ఉంది అనే అవకాశమే లేదు. కాబట్టి అలా జరగదు. ఇంతే నిరూపణ. కరెంటు వచ్చేసరికి తమ్ముడు దీన్ని నాకే తిరిగి చెప్పాడు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడే మరో సలహా. కాన్ఫరెన్స్ వీడియోలు చూసే సాయంత్రాల్లో కొన్ని మానేసి చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో అవధానం పెట్టినప్పుడు వెళ్ళి ముందు వరుసలో కూర్చోండి. నిషిద్ధాక్షరి అంశం జాగ్రత్తగా వినండి. అవధాని ఒక అక్షరం పలుకుతాడు. తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు అప్పటికప్పుడు చెబుతాడు. అవధాని దాన్ని తప్పించుకుని ఇంకో అక్షరం వేస్తాడు. ఛందస్సు తప్పకూడదు, యతిప్రాసలు తప్పకూడదు, అర్థం చెడకూడదు. పృచ్ఛకుడు ముందే చీటీ రాసుకుని రాడు. అవధాని మనసు ఎటు పోతోందో చూసి సరిగ్గా ఆ దారినే మూసేస్తాడు. తమ్ముడి ముందు నేను చేసిందీ అదే. అలాంటివాణ్ణి థియరీలో అడ్వర్సరీ అంటాం. ఆ మాట పుస్తకంలో పదిసార్లు చదివినా నాకు ఒంటబట్టలేదు. గానసభలో ఒక పృచ్ఛకుడు, అవధాని నోట్లోంచి రాబోతున్న అక్షరాన్ని అరక్షణం ముందు పట్టుకున్నప్పుడు ఒంటబట్టింది. సభంతా అవధానికి చప్పట్లు కొడుతుంటే నేను పృచ్ఛకుడి వైపే చూస్తూ కూర్చున్నాను. అల్గారిథం రాసేవాడిది అవధాని కుర్చీ. ఇంతకంటే తక్కువలో కాదు అని నిరూపించాలనుకునేవాడు పృచ్ఛకుడి కుర్చీలో కూర్చోవడం నేర్చుకోవాలి. మన చదువులు చిన్నప్పటి నుంచీ మొదటి కుర్చీనే నేర్పాయి, జవాబు ఎంత త్వరగా చెబుతావు అని. తప్పించుకోలేని ప్రశ్నలేవి అని అడగడం ఎవరూ నేర్పలేదు.

నా పరిశోధన కూడా ఆ తప్పించుకోలేని ప్రశ్నల మీదే. స్టాపుల పేర్లు అటూఇటూ మార్చినా మారని, బస్సు కొత్తగా వేస్తే చెడని గుణం ఏదైనా తీసుకోండి. ఊరంతా కలిసి ఉండటం అలాంటిదే, ఒక బస్సు అదనంగా వేస్తే కలిసి ఉన్న ఊరు విడిపోదు కదా. ఒక్క బస్సూ లేనప్పుడు ఆ గుణం లేకుండా, అన్ని బస్సులూ ఉన్నప్పుడు ఉంటే చాలు, దాన్ని తేల్చడానికి అన్ని జంటలనూ అడిగి తీరాలి అన్నది ఊహ. దీన్ని ఎవేసివ్‌నెస్ కంజెక్చర్ అంటారు. ఆండెరా, రోజెన్‌బర్గ్, కార్ప్ పేర్లతో 1970ల నుంచీ ఉంది. రివెస్ట్, విల్లెమిన్ అప్పట్లోనే స్టాపుల సంఖ్య వర్గంలో 16వ వంతు ప్రశ్నలైనా తప్పవని చూపించారు. 1984లో కాన్, సాక్స్, స్టర్టెవంట్ ముగ్గురూ ఎవరూ ఊహించని వైపు నుంచి, టోపాలజీ నుంచి వచ్చి, స్టాపుల సంఖ్య ఒక ప్రధాన సంఖ్య ఘాతం అయినప్పుడు ఊహ నిజమేనని నిరూపించారు. 7, 8, 9, 11 స్టాపులకు ఆ సిద్ధాంతం వర్తిస్తుంది. మా పది స్టాపులకు వర్తించదు. 10 అనేది 2, 5ల లబ్ధం, అక్కడ ఆ టోపాలజీ పట్టు జారిపోతుంది. మొత్తం ఊహ ఇంకా తేలలేదు. బస్సు వేస్తే చెడే గుణాలను కూడా కలుపుకుంటే ఊహ నిలబడదని 1974 నాటికే తెలుసు. తేలు గ్రాఫ్ అని ఒకటుంది, కొండి, తోక, ఒళ్ళు ఉన్న బొమ్మ. దాన్ని గుర్తుపట్టడానికి స్టాపుల సంఖ్యకు ఆరు రెట్లకు మించి ప్రశ్నలు అక్కర్లేదు. ఆ తేలు అంటే నాకు చాలా ఇష్టం.

పొద్దున నమ్మినదాన్ని సాయంత్రం నమ్మకండి. లైబ్రరీలో మధ్యాహ్నం దాకా ఊహ నిజమని నిరూపించడానికి ప్రయత్నించండి. డబ్బా విప్పి తిన్నాక అదే ఊహ అబద్ధమని నిరూపించడానికి కూర్చోండి. ఒక దారి ఎంచుకుని దాని మీదే నిలబడమని పెద్దలంటారు. ఈవిన్ టాంగ్ అనే అమ్మాయికి ఇచ్చిన పని, సిఫార్సుల సమస్యకు మామూలు కంప్యూటర్ మీద క్వాంటం అంత వేగమైన అల్గారిథం ఉండదని నిరూపించడం. ఆమె నిరూపించబోయి, అలాంటి అల్గారిథమే కనిపెట్టింది. అది 2018. నిరూపణ ఎక్కడెక్కడ తెగుతోందో చూస్తే, అవతలి వైపు తలుపు అక్కడే ఉంటుంది.

నిరూపణ ముందు తెలుగులో రాయండి. ఇంగ్లీషులోనే ఆలోచించడం అలవాటు చేసుకోవాలి, ప్రపంచం చదివేది ఆ భాషలోనే అంటారు. అచ్చు వేసేటప్పుడు ఇంగ్లీషులో రాద్దాం. కానీ ఇంగ్లీషు వ్యాసాల్లో సులువుగా చూడొచ్చు, స్పష్టంగా అన్న తయారు మాటలు ఎన్నో ఉన్నాయి, మన నిరూపణలోని గొయ్యి మీద అవి గడ్డి కప్పేస్తాయి. తెలుగులో ఆ తయారు మాటలు మనకింకా లేవు. ప్రతిదీ చెప్పి తీరాలి. నాకు జరిగింది చెబుతాను. ఎనిమిది నెలలు కట్టిన ఒక నిరూపణ నా దగ్గర ఉండేది. ఇంగ్లీషులో చక్కగా నడిచింది, ఇద్దరు చదివి బాగుందన్నారు. తెలుగులో రాస్తూ ఒక చోట ఆగిపోయాను. "ఒక్కో స్టాపుకు ఒక్కో బస్సు ఉంది" అని రాయాలా, "అన్ని స్టాపులకూ ఒకటే బస్సు ఉంది" అని రాయాలా? నేను నిరూపించింది మొదటిది. తర్వాతి పేజీలో వాడుకున్నది రెండోది. ఒక్కో అన్న చిన్న మాట ఎనిమిది నెలల్ని కూల్చేసింది. పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నాటి నుంచీ ఈ భాషకు లెక్క చెప్పడం వచ్చు. మనమే వాడుకోవడం మానేశాం.

ఆ నిరూపణ కూలిన రాత్రి ఏం చేయాలో కూడా చెప్పాలి. తప్పు దొరికినవాళ్ళు సాధారణంగా ఆ కాగితాలు చింపేసి, ఎవరికీ చెప్పకుండా కొత్త సమస్య వెతుక్కుంటారు. మీరు అందరికీ చెప్పండి. తప్పును తేదీ వేసి పొడుగు నోట్‌బుక్‌లో అతికించి ఉంచండి. లాస్లో బాబాయ్ రెండు గ్రాఫులు ఒకటేనా అన్న సమస్యకు 2015లో గొప్ప అల్గారిథం ప్రకటించాడు. 2017 జనవరి మొదట్లో హరాల్డ్ హెల్ఫ్‌గాట్ అందులో లోపం పట్టాడు. బాబాయ్ తన ఫలితాన్ని ఉపసంహరించుకుంటున్నానని ప్రపంచానికి చెప్పి, వారం తిరక్కుండా సరిదిద్దాడు. తప్పు దాచుకున్నవాడికి ఆ వారం దొరకదు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికి పదకొండు కూలిన నిరూపణలు ఉన్నాయి. నా గదిలో అన్నింటికంటే జాగ్రత్తగా దాచుకున్నది అదే.

సాయంత్రాల్లో నారాయణగూడ వైపు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పండి. ఫెలోషిప్ వచ్చేవాడికి ట్యూషన్లెందుకు, ఆ రెండు గంటలు పని చేసుకో అని నాకు గట్టిగానే చెప్పారు. నిజమే, జేఆర్ఎఫ్ నెలకు 37,000, అశోక్‌నగర్‌లో ఒక మనిషికి చాలు. డబ్బు కోసం కాదు. మన సీ.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా చేరిన మనిషి. 1944లో అక్కడ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, ఈ ఫలితం పెద్ద శాంపిల్‌కు సరే, చిన్న శాంపిల్‌కు ఏమవుతుంది అని అడిగాడు. ఆ రాత్రి కూర్చుని రావు గారు తేల్చిన అసమానత 1945లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. క్రామెర్–రావు హద్దు అని ఇప్పుడు ప్రపంచమంతా చదువుకుంటోంది. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయన పోయారు. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు మనకు ముందే తెలుసు. పదహారేళ్ళ పిల్ల అడిగేదే తెలియదు.

ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఏఐ మీద చేస్తున్నానని చెప్పకండి. చెబితే సుఖం, చుట్టాలు మరి అడగరు. మా అమ్మ సూర్యాపేట నుంచి చేసినప్పుడల్లా, "బిడ్డా, ఇంకెన్నేండ్లు? ఏం పని అని చెప్పాలె వాళ్ళకు?" అని అడిగేది. ఒకసారి ఆ పది స్టాపుల సంగతి మొత్తం చెప్పాను. విని, "అంటే అన్నీ అడిగితే గాని తేలదని చూపిస్తున్నవ్, అంతేనా" అంది. అంతే. అప్పటి నుంచీ ఎవరడిగినా అమ్మే ఆ మాట చెబుతోంది. అబద్ధం మీద నడిచే పీహెచ్‌డీలో మూడో ఏడు చాలా పొడవుగా ఉంటుంది.

ఆదివారం పొద్దున పీ, ఎన్‌పీ సమస్యకు ఇవ్వండి. జవాబును సరిచూడటం సులువైన ప్రతి సమస్యకూ ఆ జవాబు కనుక్కోవడం కూడా సులువేనా అన్న ప్రశ్న. 1971లో స్టీఫెన్ కుక్ దాన్ని ముందుకు తెచ్చాడు, 2000లో క్లే సంస్థ దాని మీద పది లక్షల డాలర్లు పెట్టింది. ఆ వైపు చూడొద్దు, పాడైపోతావు అనని గైడు లేడు. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది. డానియెల్ స్పీల్‌మాన్‌కు నెవాన్లిన్నా బహుమతి ఇక్కడే ఇచ్చారు. సరిగ్గా ఆ నెలలోనే ఒక భారతీయ పరిశోధకుడు పీ, ఎన్‌పీ ఒకటి కావని నిరూపణ పంచితే ప్రపంచంలోని పెద్దలెందరో దాన్ని చదివారు. అది నిలబడలేదు. నిలబడలేదని తేలే క్రమంలో ఎంతమంది ఎంత నేర్చుకున్నారో చూస్తే, ఆదివారాలు పోయాయని ఎవరూ అనరు. మీరు ఎనిమిదికి మొదలుపెడితే పదకొండుకు ఎక్కడో తగులుతారు. ఎందుకు తగిలామో వెతికితే 1975లో బేకర్, గిల్, సొలొవే కట్టిన గోడ, 1990ల్లో రజ్‌బొరొవ్, రూడిచ్ కట్టిన గోడ కనిపిస్తాయి. పుస్తకంలో చదివిన గోడ వేరు, తల తగిలిన గోడ వేరు. పదకొండున్నరకు లేచి కోఠి వైపు పాత పుస్తకాల బజారుకు వెళ్ళండి.

రోజూ క్యాంపస్‌కు దూరం ప్రయాణించడం గురించి కూడా చెప్పేస్తాను. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర నీలం లైనుకు మారి, రాయదుర్గంలో దిగాలి. ఫోన్ సంచిలో ఉంటే అది రోజు మొత్తంలో ఎవరూ మిమ్మల్ని పిలవని సమయం. హావో హువాంగ్ సెన్సిటివిటీ కంజెక్చర్ గురించి ఏడేళ్ళు ఆలోచించి, 2019లో దాన్ని రెండు పేజీల్లో తేల్చేశాడు. ప్రశ్నల లెక్కకు అది కూడా దగ్గరి చుట్టమే. ఆ ఏడేళ్ళలో ఎన్ని ప్రయాణాలు ఉన్నాయో ఎవరూ లెక్క రాయలేదు.

మీరు థియరీ వైపు రావాలనుకుంటే, చేరేముందు ఒక పని చేయండి. పది స్టాపులు వద్దు, నాలుగు తీసుకోండి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. జంటలు ఆరే. ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి నేను చెప్పినట్టు జవాబివ్వమనండి, ఐదు ప్రశ్నల్లో తేల్చడానికి ప్రయత్నించండి. ఓడిపోయిన ప్రతిసారీ ఎక్కడ ఓడారో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీకు నచ్చితే, సిటీ సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చోండి, నేనూ అక్కడే ఉంటాను.